గుడి కదిలింది, బస్తీ చెదిరింది

ఆలంపురం పోయినవాళ్లు కూడవెల్లి సంగమేశ్వరాలయం చూసే ఉంటారు. కృష్ణా, తుంగభద్ర కలిసేచోట ఉండిన గుడి అది. శ్రీశైలం డ్యాం నీళ్లలో మునుగుతుందని రాళ్లు విప్పి తెచ్చి, ఆలంపురంలో మళ్లీ నిలబెట్టారు. మంచి పని, షుక్రియా. నా సవాల్ వేరే. ఆ నది ఒడ్డున బతికిన ఇన్సాన్‌లను అంత హిఫాజత్‌తో ఎవరు ఎత్తిపెట్టారు?

1981లో సర్కార్ ఊళ్లు ఖాళీ చేయించింది. అటు కర్నూలు, ఇటు పాలమూరు కలిపి సుమారు వంద ఊళ్లు, లక్షకు పైగా మనుషులు. అప్పుడు నడిచింది 1894 నాటి అంగ్రేజీ భూసేకరణ కానూన్. ముఆవజా కావాలంటే జమీన్ నీ పేరున ఉండాలి. పరాయి చేనులో కూలి చేసినవాడి దగ్గర, నదిలో చేపలు పట్టినవాడి దగ్గర చూపించడానికి కాగజ్ ఏముంది? అసలు జుల్మ్ పోలీసుల లాఠీలో కంటే ఆ కాగజ్‌లోనే ఉందని నా రాయ్. డబ్బులు అందినవాళ్లకూ అవి ఎన్నాళ్లొచ్చాయి గనుక!

పాలమూరు మజ్దూర్ తారీఖ్ అంతకంటే పాతది. బొంబాయి కామాఠిపురా పేరే నిజాం ఇలాకా నుంచి పోయిన తెలుగు కూలీలది. ఊరు కట్టడానికి పోయినవాళ్లు అక్కడే బస్తీ వేసుకున్నారు. ఇప్పుడు ఆ గల్లీలకూ రీడెవలప్‌మెంట్ వచ్చింది, కిరాయిదార్లు మళ్లీ కాగజ్‌లు వెతుక్కుంటున్నారు. హైదరాబాద్‌లో 1908 మూసీ తూఫాన్ తర్వాత 'ఆరాయిష్-ఎ-బల్దా' వచ్చింది. పేరు చూడండి, షహర్‌కు అలంకారం! రోడ్లు వెడల్పయ్యాయి, పత్తర్‌గట్టి లేచింది, గరీబుల ఇరుకు మొహల్లాలు పోయాయి. మూసీ ఒడ్డున 2024లో ఇళ్ల గోడల మీద ఎర్ర రంగు గుర్తులు పడ్డప్పుడు నాకు ఆ పేరే యాదికొచ్చింది.

ఇక మన దగ్గర. గద్వాల కోటలో కాలేజీ నడుస్తోంది, వనపర్తి రాజా మహల్‌లో పాలిటెక్నిక్. సంస్థానాలు పోయినా ఇమారత్‌లకు ఇజ్జత్ దక్కింది. 2016 అక్టోబర్ 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. నాగర్‌కర్నూల్‌కు ఆ దర్జా కొత్త కాదు, నిజాం జమానాలో ఒకసారి దక్కి పాలమూరుకు తరలిపోయిందే. కలెక్టరేట్ వస్తే దాని చుట్టూ ప్లాట్లు వస్తాయి, కిరాయి పెరుగుతుంది. బండి మీద పండ్లమ్మే భాయీ ఊరి చివరికి జరుగుతాడు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకున్నవాడు హైదరాబాద్ బస్సెక్కుతాడు, ఇంకొకరి ఇల్లు కట్టడానికి.