ఖగోళ బాలచిత్రగ్రంథములు

గ్రహనక్షత్రాదుల స్వరూపమును చిత్రప్రధానముగా, స్వల్పవాక్యములతో బాలురకు దెలుపు గ్రంథములు. తెలుగున బాలవిజ్ఞాన రచనకు మహీధర నళినీమోహన్ ప్రసిద్ధులు. హైదరాబాదున 1901లో నవాబ్ జఫర్ జంగు స్థాపించిన నిజామియా వేధశాలయు, 1985లో నౌబత్ పహాడ్‌పై వెలసిన బిర్లా నక్షత్రశాలయు ఖగోళవిజ్ఞానమునకు సంబంధించిన సంస్థలు. హైటెక్ సిటీ పరిసరముల దీపకాంతిచే మందతారలు కానరాకుండుటవలన నచ్చటి బాలురకు ఇట్టి గ్రంథముల యవసరము మిక్కుటము. సౌరేతర గ్రహములలో నత్యధికములు నేరుగా కన్పట్టక, తారాకాంతి క్షీణించుటచేతను, తార డోలాయమాన మగుటచేతను మాత్రమే తెలియబడుచున్నవి గావున, 1995లో కనుగొనబడిన 51 పెగాసి-బి వంటివాని వర్ణములు చిత్రకారుని యూహయేయని రచయిత పేర్కొనవలెను. పరిమాణమును దూరమును ఒకే మానమున నొక పుటలో చూపుట యసాధ్యము: భూమిని 1 సెంటీమీటరు వ్యాసముతో గీచినచో, 109 సెంటీమీటర్ల సూర్యుడు సుమారు 117 మీటర్ల దూరమున నుండును.