జాడీలోని పాము

మా చిన్ననాట మా వీధిలోని యొక పిల్లవాడు పిడకల కుప్ప క్రింద జానెడు పామునొకదానిని కనుగొని, చీపురుపుల్లలతో దానిని ఊరగాయ జాడీలోనికి త్రోసి, మూతికి పాతగుడ్డ కట్టెను. దానిని పెంచవలెనని వాని కోరిక. ధైర్యము మాత్రము తక్కువ. జాడీని ముట్టబోయిన చేతులు వణకెడివి. ముట్టకుండుటకు మనసొప్పెడిది కాదు. ఆకలిగొన్నదని ఆవుపాలు పోసెను. చలికి బాధపడునని జాడీని ఎండలో నుంచెను. అది చుట్టచుట్టుకొని కదలకున్న, కర్రతో కదిపి చూచెను. పెద్దలు గుమిగూడి, కొందరు కట్లపామనిరి. కొందరు కాదు, గోడలు ప్రాకెడి సాధుజంతువనిరి. ఆ వాదము తెగకమునుపే మూడవనాటి యుదయమునకు పాము చచ్చిపడియుండెను. తరువాత దానిని పెంటమీద పారవైచిరి. అది నిజముగా కట్లపామే యైనచో, మూడు దినములు ఆ పిల్లవాని ప్రాణమునకు అడ్డుగా నున్నది ఒక పాతగుడ్డ మాత్రమే.

ఈ సంగతి నాకు మరల జ్ఞప్తికి వచ్చినది విశాఖపట్టణమున నివసించిన యొక దొర చరిత్రము చదువునప్పుడు. ఆయన పేరు పాట్రిక్ రస్సెల్. స్కాట్లండు దేశస్థుడు. అలెప్పో నగరమున బహుకాలము వైద్యుడుగా నుండి, మహామారిని కన్నులార చూచినవాడు. కుంపిణీ కొలువున విశాఖపట్టణమునకు వచ్చుచున్న సోదరుడు క్లాడ్ రస్సెల్‌తో కూడ 1781లో ఇండియాకు బయలుదేరెను. 1785లో కుంపిణీవారి వృక్షశాస్త్రజ్ఞుడు కోనిగ్ మరణింపగా ఆ పదవి ఈయనకు లభించెను. చెట్టుచేమలను పరిశీలించుట ఆయన విధి. కాని పాముకాటున జనులు చచ్చుట చూచి, ఏ పాము చంపును, ఏది చంపదు అను ప్రశ్నను తలకెత్తుకొనెను. అప్పటికాయన అరువదియేండ్లకు దగ్గరపడినవాడు. మన పాముల విషయమున, జాడీ పట్టుకొన్న మా వీధి పిల్లవానివలెనే, క్రొత్తవాడు.

అయితే ఇరువురకు నొక భేదము గలదు. పిల్లవాడు ముందుగా పాలు పోసెను. దొర ముందుగా పేరడిగెను. జనులు పాములను పట్టి తెచ్చుచుండగా, ఒక్కొక్కదానిని మన వారేమని పిలుతురో విచారించి, ఆ తెలుగు పేరునే ఇంగ్లీషు లిపిలో వ్రాసికొనెను. పెద్దపొడ, పసిరికపాము, జెర్రిపోతు, కాటుకరేకుల పొడ అను పేర్లు 1796లో లండనున వెలువడిన ఆయన గ్రంథమున నేటికిని చూడవచ్చును. మనము రక్తపింజర యనుచున్నదియే ఆ కాటుకరేకుల పొడ. వీపుమీది మచ్చలు కాటుకతో దిద్దిన రేకులవలె నుండునని ఎవరో మన పల్లెవాసి పెట్టిన పేరది. ఎంత చక్కని పేరు! మరుసటి సంవత్సరమే సీమలోని శాస్త్రజ్ఞులు ఆ పామునకు రస్సెల్ పేరు పెట్టిరి. పెట్టిన పేరు దొరదైనను, దానిని చూపినవాడు మనవాడే. అతని పేరు మాత్రము మనకు దక్కలేదు. అట్లే ఆయన వ్రాసికొన్న బంగారు పాము అను మాటనుండియే 1803లో ఫ్రెంచి పండితుడు దోదెన్ కట్లపాముల కులమునంతకు బంగారస్ అని నామకరణము చేసెను. నేడు ఏ దేశపు విద్యార్థియైనను కట్లపామును గూర్చి చదువవలెనన్న మన తెలుగు మాటనే ఉచ్చరింపవలెను.

రస్సెల్ తాను పరీక్షించిన 43 విధముల పాములలో విషపుకోరలు గలవి 7 మాత్రమేయని తేల్చెను. భయపడువారికి ఇంతకంటె ఊరటగల లెక్క లేదు. ఆ యేడింటిని ఎరుగనివారికి ఇంతకంటె మోసకారియైన లెక్కయు లేదు. ఆయన కుక్కలను, కోళ్లను పాములచేత కరపించి చూచెను. ఆ ప్రకరణము చదువుట నాకు కష్టముగానే యుండెను. కాని రక్తపింజర కాటు నాగుపాము కాటునకు ఇంచుమించు సమానమైన ప్రాణాంతకమని అట్లు తెలియవచ్చెను. ఆ కాలమున ప్రసిద్ధికెక్కిన తంజావూరు మాత్రలను గూడ ఆయన పరీక్షింపక విడువలేదు. 1787లో విషసర్పములను గూర్చి ఆయన వ్రాసిన విజ్ఞాపనమును చెన్నపట్టణపు ప్రభుత్వమువారు పంచిపెట్టించిరి. 1789లో ఆయన సీమకు మరలిపోయెను, 1805లో మరణించెను.

ఇక మా వీధి వాదమునకు వత్తము. కట్లపామునకును, దానిని పోలిన సాధుజంతువునకును భేదము గలదు. పెరిగిన కట్లపాము నల్లని మేనిమీది సన్నని తెల్లపట్టీలు మెడకు కొంత దూరమున మొదలై, తరచు జంటలుగా సాగి, తోకవైపు స్ఫుటముగా నుండును. రెండవదానికి మెడయొద్దనే వెడల్పుగా మొదలై తోకవైపు చెదరిపోవును. కట్లపాము వెన్నునడుమ పొలుసులు ప్రక్కవానికంటె పెద్దవి. కాని జానెడు పిల్లపాములలో ఈ పట్టీల గుర్తు నమ్మరానిది. పొలుసులు లెక్కించునంత దగ్గరకు పోవుటయో, తెలివిగల పని కాదు. కట్లపాము రాత్రివేళ నిద్రించువానిని కరచును. నొప్పి లేకపోవుటచే అతడు లేవడు. కావున మా పెద్దలు వాదించుటకు మారుగా జాడీని ముట్టక దూరముగా నుండవలసినది. వారిని తప్పుపట్టను, వారికి రస్సెల్ గ్రంథము ఎవరిచ్చిరి?

పాలమాట యొకటి మిగిలినది. పాము జలము త్రాగును. పాలు దానికి ఆహారము కాదు. ఆడించువారు దానిని పలుదినములు నీరు లేక ఎండగట్టి, పిమ్మట పాలు చూపుదురు. దప్పికచేత అది మూతి పెట్టును. కోరలు పీకుట, మూతి కుట్టుట మొదలైన పనులవలన ఆ పుండ్లు చీముపట్టి అది కొలది నెలలలో చచ్చును. కోరలో, పీకిన చోటనే మరల మొలచును. వారి కడుపుకూటి కథ వేరు. దానిని ఇచ్చట విచారింపను. ఇట్లు చెప్పుట నాగులచవితిని నిందించుట కాదు. పుట్టలో పోసిన పాలు పోసినవాని భక్తికి సంబంధించినవి. జాడీలో పోసినవి పాము ప్రాణమునకు సంబంధించినవి. పాము ఒంటి వేడిమి బయటి వేడిమిని బట్టి యుండును గనుక, మూసిన జాడీని ఎండలో నుంచుట పొయ్యిమీద నుంచుటయే. అది పలుదినములు తినకున్నను చావదు. కన్నులు పాలవలె తెల్లబారినచో కుబుసము విడువబోవుచున్నదన్నమాట. అప్పుడు తినదు, చీకాకుగా నుండును. కదలకుండుట దానికి రోగము కాదు, స్వభావము.

ఈ సంగతులు రస్సెల్ కంటెను బాగుగా నెరిగినవారు తమిళదేశపు ఇరులవారు. పాములను పట్టి చర్మములకై అమ్ముట వారి జీవనోపాధిగా నుండెను. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. తరువాత చర్మముల వ్యాపారము నిలిచిపోయెను. పాములు బ్రదికెను గాని ఇరులవారికి కూడు పోయెను. 1978లో చెన్నపట్టణము సమీపమున వారొక సహకార సంఘముగా నేర్పడిరి. 1890 తరువాతి యేండ్లలో ఫ్రెంచి వైద్యుడు కాల్మెట్ గుఱ్ఱములకు విషమెక్కించి వాని రక్తమునుండి విరుగుడు సంపాదించిన విధమున, మన ఆసుపత్రులలోని విరుగుడు మందును విషమునుండియే చేయుదురు. ఆ విషమును ఇరులవారు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుకపింజరల నుండి తీసి యిచ్చుచుండిరి.

వారు పామునుంచునది మట్టికుండలో. కుండ చెమర్చి చల్లగా నుండును, లోన ఇసుక, మూతికి గాలియాడు నూలుగుడ్డ. నీడను వరుసగా పేర్చి, అకారణముగా కదపరు, కెలకరు. మా వీధి పిల్లవానికిని కుండకు బదులు జాడీ, నూలుగుడ్డ రెండును దొరకినవే. తక్కినవి మాత్రము తెలియలేదు. అయినను ఇరులవారి పని అనుమతి గలవారు, తరతరముల చేయి గలవారు చేయునది. మన పాములను పట్టి ఇంట పెంచుకొనుట నేడు చట్టవిరుద్ధము. పిడకలలో పాము కనబడినచో పిల్లలను, పశువులను తొలగించి, చూపు మరల్చక దూరమున నిలిచి, అటవీశాఖవారికి గాని అనుభవజ్ఞునికి గాని కబురంపవలెను. కరచినచో మంత్రము వెదకక ఆసుపత్రికి.

ఇరులవారు ఒక్కొక్క పామును మూడు నాలుగు వారములు మాత్రమే యుంచుకొందురు. ఆలోన నాలుగు మారులు విషము తీయుదురు. పిమ్మట మరల అదే పామును పట్టకుండుటకై పొట్టపొలుసున చిన్న గుర్తు పెట్టి, కుండను పొలములకు కొనిపోయి, మూతిగుడ్డ విప్పి, కుండను ప్రక్కకు వంచి, తాము వెనుకకు జరిగి నిలుతురు. పాము తొందరపడదు. తల వెలికి పెట్టి, నాలుక రెండుమారులు చాచి, పొదలవైపు సాగిపోవును.