కడశీల నుంచి టార్క్ రెంచి దాకా

ఆన్‌లైన్‌లో రెండు వేలకి దొరికే టార్క్ రెంచి కారు చక్రాల నట్లు బిగించడానికి సరిపోతుందా, లేక పదిహేను ఇరవై వేలు పోసి పేరున్న కంపెనీది కొనాలా? మా ఆఫీసు కాంటీన్లో ఈ మధ్య దీని మీద గంట సేపు వాదన జరిగింది. మెకానికల్ చదివి కోడు రాసుకుంటున్న ఒకాయన (మాలో సగం మంది అంతే లెండి) "చవక రెంచి వాడేకంటే అసలు వాడకపోవడమే నయం" అని తీర్పు చెప్పేశాడు. అది తప్పని నా అభిప్రాయం. ఎందుకు తప్పో చెప్పాలంటే కాస్త చరిత్రలోకి వెళ్ళాలి. దానికంటే ముందు సున్నిపెంట వెళ్ళాలి.

శ్రీశైలంలో దర్శనం చేసుకుని దోర్నాల, ఆత్మకూరు మీదుగా నంద్యాల వెళ్దామని బయల్దేరాం. రెండ్రోజుల ముందే హైదరాబాదులో ఓ షాపులో నాలుగు టైర్లూ మార్పించాను. మన్ననూరు దాటి అడవిలోకి వచ్చేదాకా ఏ గొడవా లేదు. డ్యాము కనపడే మలుపుల్లో దిగుతుంటే ముందు ఎడమ పక్క నుంచి టక్ టక్‌మని చప్పుడు. రాయి ఇరుక్కుందేమో అనుకున్నా. కృష్ణ దాటి అవతలి ఘాటు ఎక్కేసరికి స్టీరింగులో కూడా తెలుస్తోంది. వెనక సీట్లో అమ్మ, పిల్లలు ఉన్నారు. సున్నిపెంటలో పంచర్ షాపు కనపడగానే ఆపేశాను.

షాపు పెద్దాయన వంగి నట్టు పట్టుకుంటే వేళ్ళతోనే తిరిగింది. నాలుగింటిలో రెండు అంతే. "ఎవురు బిగిచ్చినారు సార్ ఇవి?" అన్నాడు.

"మొన్ననే హైదరాబాదులో టైర్లు మార్పించానన్నా. గాలి గన్నుతో బిగించారు."

"గన్నుతో గట్టిగనే బిగిచ్చింటారు. మధ్యలో మట్టో రంగో ఉంటే అది నలిగిపోతాది, నట్టు వదులైతాది."

చక్రం ఊడదీసి, హబ్బు మీదా చక్రం వెనకా వైరు బ్రష్షుతో రుద్ది, మరలన్నీ పొడిగుడ్డతో తుడిచాడు. నేను తెలివిగా "కొంచెం ఆయిల్ వెయ్యకూడదా?" అంటే "ఆయిల్ ఇరుసుకు సార్, నట్టుకు కాదు" అన్నాడు. ఎదురెదురు నట్లు మార్చి మార్చి, మామూలు వీల్ పానాతోనే, దాని మీదెక్కి తొక్కకుండా చేత్తో బిగించి, "దోర్నాల పోయినాక నిలబెట్టి ఇంగొకసారి పట్టి సూడండి" అని యాభై రూపాయలు తీసుకున్నాడు.

సున్నిపెంట సంగతి తెలియనివాళ్ళకి ఒక మాట. శ్రీశైలం ప్రాజెక్టు కట్టేటప్పుడు కుడి గట్టు మీద ఉద్యోగులకీ కార్మికులకీ వెలిసిన కాలనీ ఇది. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశాడు. నదీగర్భం నుంచి 145 మీటర్ల ఎత్తు లేచిన డ్యాము అది. కుడి గట్టు పవర్ హౌస్‌లో మొదటి యూనిట్టు తిరిగింది 1982లో. అంటే సుమారు ఇరవై ఏళ్ళ పని. శ్రీశైలానికి రైలు లేదు కాబట్టి, సిమెంటయినా ఇనుమయినా ఆఖరి మైళ్ళు నల్లమల ఘాటు మీద చక్రాలెక్కి రావలసిందే. అప్పటికి దేశంలో రాజ్యమేలుతున్నవి టాటావాళ్ళు 1954 నుంచీ బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో చేసిన లారీలు, మద్రాసు లేలాండ్లు. ఆ ఘాటులో ఏ క్లీనరు చేతిలోనూ టార్క్ రెంచి ఉండి ఉంటుందని నేననుకోను. పానా, దానికి తొడగడానికి ఓ పైపు, ఆపైన ఒంటి బరువు. డ్యాము మాత్రం లేచింది. మరి ఈ రెంచి గోల ఎక్కణ్ణుంచి వచ్చింది?

చక్రం ఊడిపోకుండా చూడడం ఎద్దుబండి కాలం నుంచీ ఉన్న బెంగే. మనవాళ్ళు ఇరుసు చివర బెజ్జం చేసి కడశీల దిగ్గొట్టారు. కడశీల ఉందా లేదా అన్నది కంటికి కనపడుతుంది. ఎంత గట్టిగా ఉందన్న ప్రశ్నే లేదు. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే అది బూలియన్ :) మోటారు కార్లు వచ్చిన కొత్తలో చక్రం ఊడదీసే ఏర్పాటే సరిగ్గా ఉండేది కాదు, పంచరైతే రోడ్డు పక్కన కూర్చుని టైరు ఊడదీసి అతుకు వేసుకోవాల్సిందే. 1904లో వేల్స్‌లోని లనెల్లీ అనే ఊళ్ళో డేవీస్ సోదరులు, టైరు ఎక్కించిన ఓ రింగుని పంచరైన చక్రం పక్కనే బిగించుకునే ఉపాయం కనిపెట్టారు. వాళ్ళ షాపున్న వీధి పేరు స్టెప్నీ స్ట్రీట్. ఆ వీధి పేరు వందేళ్ళుగా మన డిక్కీల్లో తిరుగుతోందన్నమాట!

తర్వాత చక్రం మొత్తాన్నీ నాలుగైదు నట్లతో హబ్బుకి బిగించడం మామూలైపోయింది. దాంతో కొత్త బెంగ పట్టుకుంది. చక్రం తిరిగే దిశ వల్ల ఒక పక్క నట్లు వాటంతటవే వదులవుతాయని ఎడమ చక్రాలకి ఎడమ మరలు పెట్టారు. అమెరికాలో క్రైస్లర్ కార్లకి 1970 ప్రాంతం దాకా అలాగే వచ్చేవి. ఆ సంగతి తెలియక ఎడమ నట్టుని ఊడదీస్తున్నామనుకుని ఇంకా బిగించి, ఆఖరికి స్టడ్డే విరగ్గొట్టినవాళ్ళు ఎంతమందో.

టార్క్ రెంచికీ చక్రాలకీ మొదట్లో ఏ సంబంధమూ లేదు. 1918లో న్యూయార్క్ నగర నీటి శాఖలో పనిచేసే కాన్రాడ్ బార్, భూమిలో వేసే పైపుల ఫ్లాంజి బోల్టుల్ని పనివాళ్ళు మరీ బిగించి విరగ్గొడుతున్నారని దీన్ని తయారుచేశాడు. గమనించండి, సమస్య తక్కువ బిగించడం కాదు, ఎక్కువ బిగించడం. 1930లలో క్రైస్లర్ దగ్గర లైసెన్సు తీసుకుని పాల్ స్టర్టెవాంట్ అనే సేల్స్‌మన్ ముల్లూ స్కేలూ ఉన్న రకం అమ్మకానికి పెట్టాడు. సూటిగా ఉన్న కడ్డీ వంగితే, పక్కనే వంగకుండా ఉన్న ముల్లు ఎంత వంగిందో స్కేలు మీద చూపిస్తుంది, అంతే. గారేజీల్లో అది వాడింది ఎక్కువగా ఇంజను హెడ్డు బోల్టులకి. చక్రాల నట్లు ఎప్పట్లాగే భుజబలం మీదే నడిచాయి. డిస్క్ బ్రేకులు, అల్లాయ్ చక్రాలు వచ్చాకే మామూలు మనిషికి దీంతో పనిపడింది. ఒక నట్టు ఎక్కువా ఒకటి తక్కువా బిగిస్తే డిస్కు సమంగా కూర్చోదు, బ్రేకు తొక్కినప్పుడల్లా స్టీరింగు వణుకుతుంది.

ఇక 1969. నా లెక్కలో ఈ కథకి అసలు మలుపు ఇదే. గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు ఓ యంత్రం కట్టి, నట్లు ఎందుకు వదులవుతాయో కొలిచి చూపించాడు. బోల్టు పొడవునా వచ్చే అదురు కంటే, అడ్డంగా వచ్చే కదలికే నట్టుని విప్పేస్తుంది. బిగించిన రెండు ముక్కలూ ఒకదాని మీద ఒకటి ఇటూ అటూ జారినప్పుడల్లా నట్టు వెంట్రుకవాసి తిరుగుతుంది. జారనివ్వకపోతే తిరగదు. జారనివ్వనిది ఏమిటి? బోల్టు సాగి, రబ్బరు బ్యాండులా రెండు ముక్కల్నీ నొక్కి పట్టుకునే బలం. చక్రం స్టడ్డుల మీద వేలాడుతోందని మనం అనుకుంటాం. నిజానికి హబ్బుకి అదుముకుని రాపిడి మీద నిలబడుతుంది.

ఆ బలం ఎంతో చూద్దాం. మన చిన్న కార్లలో ఎక్కువగా ఉండేది 12 మిల్లీమీటర్ల స్టడ్డు. హోండా కార్లకి 108, టయోటాలో చాలావాటికి 103 న్యూటన్ మీటర్లు అంటారు. లెక్క తేలిగ్గా ఉండడానికి 100 అనుకుందాం. పొడిగా ఉన్న మరలైతే స్టడ్డులో సుమారు 42 కిలోన్యూటన్లు, అంటే నాలుగు టన్నుల పైచిలుకు లాగుడు వస్తుంది. నాలుగు నట్లకీ కలిపి దాదాపు 17 టన్నులు. అదే మరలకి ఆయిల్ రాసి అదే 100 బిగిస్తే లాగుడు 55 కిలోన్యూటన్ల దాకా పోతుంది. మూడోవంతు ఎక్కువ! రెంచి తప్పు చెప్పలేదు, అది 100 అనే చెప్పింది. మనం తిప్పే బలంలో నూటికి సుమారు 90 పాళ్ళు నట్టు కిందా మరలలోనూ రాపిడికే పోతుంది, బోల్టుని సాగదీసేది మిగతా పదే. ఆ 90లో తేడా వస్తే పది తలకిందులవుతుంది. సున్నిపెంట పెద్దాయన ఆయిల్ వద్దన్నది ఇందుకే. కందెన ఇరుసుకి ఎంత అవసరమో ఈ నట్టుకి అంత కీడు.

ఇప్పుడు రెంచి ధర సంగతి. ఐఎస్‌ఓ 6789 అనే ప్రమాణం ప్రకారం 10 న్యూటన్ మీటర్లు దాటిన క్లిక్ రెంచికి తప్పు నూటికి 4 లోపు ఉండాలి. ఏడాదికో 5000 క్లిక్కులకో ఒకసారి సరిచూడాలి. చవకదాని పెట్టె మీదా ఆ 4 శాతమే అచ్చేస్తారు, నమ్మక్కర్లేదు, 10 అనుకోండి. మంచి రెంచితో జాగ్రత్తగా బిగించినా స్టడ్డులో లాగుడు నూటికి పాతిక ముప్ఫై అటూ ఇటూ అవుతుందని ఇంజనీరింగ్ పుస్తకాలే ఒప్పుకుంటాయి. ఆ సముద్రంలో 4కీ 10కీ తేడా ఎంత? అంత కచ్చితత్వం నిజంగా కావలసినచోట, పెద్ద టర్బైన్ల కప్లింగుల్లాంటి చోట్ల, బోల్టు ఎంత సాగిందో నేరుగా కొలుస్తారు. తిప్పిన బలాన్ని నమ్ముకోరు.

కాబట్టి పోల్చాల్సింది చవక రెంచిని ఖరీదైన రెంచితో కాదు, పానా మీదెక్కి తొక్కడంతో. 70 కిలోల మనిషి అడుగు పొడవు పానా చివర నిలబడితే 200 న్యూటన్ మీటర్లు దాటుతుంది. అవసరానికి రెట్టింపు, గెంతకుండానే. ఇంకో పక్క ఇంట్లో ఆడవాళ్ళో పెద్దవాళ్ళో చేత్తో బిగిస్తే 60 దగ్గరే ఆగొచ్చు. పదిశాతం తప్పే రెంచి ఈ రెండు చివర్ల నుంచీ మనల్ని కాపాడుతుంది.

మా కాంటీన్ మిత్రుడి వాదనలో ఒక్కటి మాత్రం నిజం. చవక క్లిక్ రెంచి తప్పు చూపడం భయం కాదు, అసలు క్లిక్ మనకపోవడం భయం. స్ప్రింగు ఇరుక్కుపోతే మనం లాగుతూనే ఉంటాం. క్లిక్ కోసం ఎదురుచూస్తూ చేతికొచ్చే సమాచారాన్ని మర్చిపోతాం (మానిటరింగ్ అలర్టు రాలేదు కాబట్టి సర్వరు బాగానే ఉందనుకున్నట్టు). దానికి నా దగ్గరున్న విరుగుడు పాతిక కిలోల బియ్యం బస్తా. రెంచి తలని గట్టి వైసులో పట్టించి, పిడి అడ్డంగా ఉంచి, తల మధ్య నుంచి 40 సెంటీమీటర్ల దగ్గర బస్తాని తాడుతో వేలాడదీస్తే 98 న్యూటన్ మీటర్లు. రెంచి సొంత బరువు కలిపితే దాదాపు 100. బస్తాని మెల్లిగా వదలాలి, పడెయ్యకూడదు. నా రెండు వేల రెంచి 94 మీద పెడితే క్లిక్ మంది, 103 మీద పెడితే అనలేదు. నాకది చాలు. ఆర్నెల్లకోసారి చూస్తాను. పనయ్యాక స్ప్రింగు వదులు చేసి కనిష్ఠ అంకె మీద పెడతాను, దాంతో నట్లు ఊడదీయను. ఇదంతా ఓపిక లేకపోతే స్టర్టెవాంట్ అమ్మిన ముల్లు రకం కొనుక్కోండి, అందులో చెడిపోవడానికి ఏమీ లేదు. అన్నట్టు చవక రెంచీల మీద రెండు స్కేళ్ళుంటాయి. 100 న్యూటన్ మీటర్లు పెట్టబోయి 100 అడుగు పౌన్లు పెడితే అది 136 అవుతుంది. 1999లో నాసావాళ్ళు ఇలాంటి కొలతల గందరగోళంలోనే అంగారకుడి దగ్గర ఓ నౌకని పోగొట్టుకున్నారు, మనమెంత.

రోజుకి ముప్ఫై కార్ల చక్రాలు బిగించే షాపుకి నేను చవకది చాలనను. వాళ్ళు 5000 క్లిక్కులు రెండు వారాల్లోపే దాటేస్తారు. 1995లో కెనడాలోని ఒంటారియోలో లారీ చక్రాలు ఊడి వచ్చి తగిలి ఇద్దరు చనిపోయారు. 1997లో అక్కడ చట్టం తెచ్చారు. చక్రం ఊడితే వాహనం నడిపించే సంస్థదే బాధ్యత, మేం జాగ్రత్తపడ్డాం అన్న వాదన చెల్లదు, జరిమానా 50,000 డాలర్ల దాకా. బ్రిటన్లో 2006లో వచ్చిన ఓ అధ్యయనం ఏటా 150 నుంచి 400 భారీ వాహనాల చక్రాలు ఊడుతున్నాయని అంచనా వేసింది. అక్కడ మంచి రెంచీలకి కరువేం లేదు. తుప్పు, రంగు, మట్టి తుడవకపోవడం, కొంత దూరం నడిచాక మళ్ళీ పట్టి చూడకపోవడం ఏ రెంచి కొన్నా పోవు.

దోర్నాల సంగతి చెప్పడం మరిచాను. అక్కడ టీ తాగడానికి ఆపి, పెద్దాయన చెప్పినట్టే పానా తీసి నాలుగు నట్లూ పట్టి చూశాను. మూడు కదల్లేదు. నాలుగోది పావు చుట్టు తిరిగింది.