నీటి క్రింది విజయపురి

ఎండల సంగతి వార్తలలో వచ్చినప్పుడు మన రెంటచింతల పేరు వినబడక మానదు. ఏప్రిలు, మే నెలలలో ఇక్కడి నాపరాతి అరుగులమీద మధ్యాహ్నవేళ కాలు మోపలేము. శ్రీనాథ మహాకవి ఈ సీమకు వచ్చి మన జొన్నకూటిని ఎగతాళి చేసి పోయెనని పెద్దలు చెప్పుదురు. ఆయనకు సన్నన్నము దొరకలేదు. అది మన పితరుల లోభము కాదు, వానల కొరత. ఇట్టి మెట్ట సీమలో, మాచర్ల దాటి కొంత దూరము పోయినచో, కృష్ణ యొడ్డున ఒక రాజధాని యుండెను. ఇప్పుడది నీటి క్రింద నున్నది. సెలవులకు పిల్లలతో సాగరు చూడబోవువారు మనలో అనేకులు. లాంచీ క్రింద ఏమున్నదో ఎరిగి పోవువారు కొద్దిమంది. వారి కొరకే ఈ నాలుగు మాటలు.

ఆ పట్టణము పేరు విజయపురి. శాతవాహనుల ప్రభుత్వము సన్నగిల్లిన తరువాత, క్రీస్తు శకము 3వ శతాబ్దమున, ఇక్ష్వాకులను రాజులు అక్కడనుండి ఏలిరి. మొదటివాడు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు. అశ్వమేధము చేసినవాడనియు, లక్ష గోవులను, లక్ష నాగళ్ళ భూమిని దానమిచ్చినవాడనియు శాసనములు అతనిని పొగడుచున్నవి. లక్ష నాగళ్ళనగానే మన రైతు సోదరులు కొంచెము నవ్వుకొందురేమో; రాజుల లెక్కలు అట్లే యుండును. అతని తరువాత వీరపురుషదత్తుడు, ఎహువల శాంతమూలుడు, రుద్రపురుషదత్తుడు వరుసగా ఏలిరి. 4వ శతాబ్దపు తొలి భాగముతో ఆ వంశపు కథ ముగిసినది.

నాకు రాజులకంటె ఆ యింటి స్త్రీల సంగతి ఎక్కువ వింతగా తోచును. రాజు వైదిక యజ్ఞములు చేయుచుండగా, అతని తోబుట్టువు శాంతిశ్రీ బౌద్ధ సంఘమునకు మహాచైత్యమును కట్టించెను. ఆమె వీరపురుషదత్తునకు మేనత్త. ఒకే యింట రెండు మతములున్నప్పుడు ఎంత రగడ జరుగునో మన పల్లెలలో చూచుచునే యున్నాము. ఆ యింట ఏమి జరిగెనో గాని, స్తంభములమీద మాత్రము ఇద్దరి పేర్లును చెక్కబడియున్నవి. బోధిశ్రీ యను మరియొక ఉపాసిక రాజవంశపు స్త్రీ కాదు. ఆమె సింహళ దేశపు భిక్షువుల కొరకు చైత్యగృహము కట్టించి, ఆ సంగతి శాసనముగా వ్రాయించెను. రోమా దేశపు బంగారు నాణెములు కూడ ఆ లోయలో దొరకినవి. సముద్రముల కావలివారికి మన కృష్ణాతీరము తెలియని చోటు కాదన్నమాట.

వారు చెక్కిన రాయి ఏది? పాలవన్నెలో కొంచెము పచ్చదనము కలిసిన సున్నపురాయి, మన పలనాటి రాయే. ఎక్కడినుండియో తెచ్చిన పాలరాయి కాదు.

పట్టణము పాడుపడిన తరువాత అనేక శతాబ్దములు ఆ లోయను ఎవరును పట్టించుకొనలేదు. 1926లో పురాతత్వశాఖవారి దృష్టి దానిమీద పడెను. లాంగ్‌హర్స్ట్ దొరగారు 1927 మొదలు 1931 వరకు త్రవ్వించి, మహాచైత్యములో బంగారు భరిణెలో నుంచిన అస్థి శకలమును కనుగొనిరి. ఇంతలో కాలము మారినది. నీరు లేక ఎండిన సీమకు ఆనకట్ట కావలసివచ్చెను. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు నాగార్జునసాగరునకు శంకుస్థాపన చేసిరి. లోయ మునుగుట నిశ్చయమైనందున 1954 నుండి 1960 వరకు డాక్టరు ఆర్. సుబ్రహ్మణ్యంగారి పర్యవేక్షణలో నీటితో పందెము వేసినట్టు త్రవ్వకములు సాగినవి. వందకు మించిన చోట్లు త్రవ్విరి. రాతియుగపు మనుష్యుల పనిముట్లు మొదలుకొని సకలమును వెలికి తీసిరి. ముఖ్యమైన కట్టడములలో కొన్నిటిని విప్పి కొండమీద మరల పేర్చిరి. కొన్నిటికి అనుపు వద్ద నమూనాలు కట్టిరి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదలిరి.

ఇట్టి పని మన దేశములోనే జరుగలేదు. ఐగుప్తులో ఆస్వాను ఆనకట్ట కొరకు అబూ సింబెలు గుడులను 1964 మొదలు 1968 వరకు ముక్కలుగా కోసి పైకి ఎత్తిరి. అవి రెండవ రామ్సేసు కట్టించినవి. నిర్గమకాండములోని ఫరో ఇతడేయని కొందరు తలంతురు. అమెరికాలో కొలరాడో నదిమీద గ్లెన్ కాన్యన్ ఆనకట్టకు 1963లో తలుపులు మూసిరి. ఆ యెడారి లోయలో ప్యూబ్లో ప్రజల పూర్వికులు కొండచరియల నీడను కట్టుకొన్న రాతి యిండ్లు అనేకములు మునిగిపోయినవి. నేడక్కడ జనులు పడవలలో విహరించుచున్నారు. హోపీ మొదలైన వారి సంతతివారు నేటికిని ఆ సీమలో జీవించుచున్నారు. ఆ పాడుగోడలను వారు పాడుగోడలనరు, పితరుల అడుగుజాడలందురు.

మన సంగతికి వత్తము. మునిగినది ఇక్ష్వాకుల పట్టణము మాత్రమే కాదు. ఆ లోయలో పుల్లారెడ్డిగూడెము వంటి పల్లెలు కూడ ఉండెను. అక్కడివారు గొడ్లను తోలుకొని, మూటలు కట్టుకొని లేచిపోవలసివచ్చెను. శాంతిశ్రీ స్తంభమును కొండమీద నిలిపినారు. వారి గడపలను నిలుపలేదు. కుడికాలువ పారిన తరువాత పలనాటిలో చాల పొలములు తడిసినవి, వరి పండినది, మిరప పండినది. జొన్నకూటి సీమలో వరియన్నము నిత్యాహారమైనది. నీరు ఎక్కని ఎత్తు భూముల ఊళ్ళును ఇంకను ఉన్నవి. ఆనకట్ట కట్టరాదని నేననను. దాహము తెలిసిన ఊరివాడెవడును అట్లనలేడు. కాని మనము తినుచున్న అన్నపు వెల చెల్లించినవారెవరో తెలియకుండ తినుట నాకు నచ్చదు.

మీరు పోయినప్పుడు త్రోవలో ఎత్తిపోతల చూడుడి. చంద్రవంక అక్కడ సుమారు 70 అడుగులు దుముకును. అనుపులో నాలుగు వైపుల మెట్లు కలిగిన రంగస్థలమున్నది, పిల్లలు అక్కడ తప్పక కేకలు వేయుదురు, వేయనిండు. కొండకు పోవు లాంచీలు అన్ని దినములు నడువవు గనుక ముందుగా విచారించుకొని బయలుదేరుడి. మ్యూజియములో విగ్రహములు చూచి అలసినను, మునుగకముందు లోయ ఎట్లుండెనో చూపు నమూనాను విడువకుడి.

ఆ లోయలో పుట్టిన పెద్దయ్య యొకరు ఒకమారు మా సంఘస్థులతో వచ్చిరి. ఎనుబదికి దగ్గరగా ఉన్నవారు. తక్కినవారు విహారములను లెక్కపెట్టుచుండగా ఆయన వాటిని చూడనేలేదు. కృష్ణ వంపును వెదకి, అక్కడనుండి వ్రేలితో మెల్లగా జరుపుకొనుచు వచ్చి ఒకచోట నిలిపి, "ఇక్కడ మా చింతచెట్టు, దాని వెనుక మా దొడ్డి" అని మనుమరాలికి చూపిరి. ఆ పిల్ల వంగి చాలసేపు చూచినది.