గుంత ఎవరి ఉపయోగానికి?

పోయిన భాగంలో ఇసుక గురించి మాట్లాడుకున్నాం. ఈసారి మన్ను.

కోనసీమలో కొండల్లేవు, రాతి క్వారీలూ లేవు. మనకు క్వారీ అంటే గౌతమి, వశిష్ట లంకల్లో తవ్వే మట్టి. ఇటుక బట్టీలకు, రోడ్లకు, ఇళ్ళ మెరకలకు పోయే మట్టి. తెలుగు పాఠం చెప్పుకునేవాళ్ళకి గనుల చట్టంతో పనేంటని స్టాఫ్ రూములో అడిగారు. మా మామ్మ లంకలో పొగాకు నాటిన మనిషి. ఆమె కూలికెళ్ళిన చెక్క ఇప్పుడు గొయ్యి. అదీ పని.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువ కింద భూమికి విలువొచ్చింది. అది ఎవరి చేతుల్లో ఉందో మీకు చెప్పక్కర్లేదు. ఏటి మధ్య లంక అలా కాదు. ఈ ఏడు పెరుగుతుంది, పై ఏడు కోతకు పోతుంది. సర్కారు దాన్ని కౌలుకిచ్చి డబ్బు తీసుకుంది. వరద భయమున్న ఆ నేలలోకే మనవాళ్ళు వెళ్ళగలిగారు. చాలామందికి సాగు ఉంది, పట్టా లేదు. 1977 అసైన్డ్ భూముల చట్టం పట్టా ఉన్న పేదవాడి కోసం వచ్చింది. కాగితమే లేనివాడికి అందులో చోటు లేదు. తవ్వేవాడికి మాత్రం ఏదో ఒక కాగితం ఉంటుంది.

ఆ కాగితాన్నే చదువుదాం. పెద్ద విస్తీర్ణాన్ని చిన్న చిన్న లీజులుగా ముక్కలు చేసి అనుమతి తప్పించుకునే పద్ధతి ఉండేది. 2012 ఫిబ్రవరి 27న దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, 5 హెక్టార్ల లోపు లీజులకు కూడా పర్యావరణ అనుమతి కావాలంది. 2013 జూన్ 24న కేంద్ర పర్యావరణ శాఖ ఇటుక మట్టికి మార్గదర్శకాలిచ్చింది. నేలమట్టం నుంచి 2 మీటర్లకు మించి తవ్వకూడదు. తవ్విన గుంతను అనుమతి పొందినవాడే ఉపయోగపడేలా పునరుద్ధరించాలి.

ఇక్కడ నా వ్యాకరణ బుద్ధి ఊరుకోదు. ఆ వాక్యంలో కర్త ఉన్నాడు, కర్మ ఉంది. చతుర్థీ విభక్తి లేదు. ఎవరికి ఉపయోగం, ఎవరి కొరకు?

ఆ ఖాళీలోకి చేపల చెరువు వచ్చింది. గొయ్యిలో నీళ్ళు నింపి చేపపిల్లల్ని వదిలితే ఉపయోగమే కదా, షరతు తీరిపోయినట్టే. కానీ ఎకరం పొగాకు, కూరగాయలు ఎన్ని చేతులకు పని పెడతాయో ఎకరం చెరువు అన్ని చేతులకు పెట్టదు. నాట్లకూ కలుపుకూ వెళ్ళిన ఆడవాళ్ళు ఆ లెక్కలో ఎక్కడా కనపడరు. గోదారే పూడుస్తుందిలే అంటారు కొందరు. ఇసుక విషయంలో ఆ మాట కొంత నిలుస్తుంది. లంక మెరక మీది ఒండ్రు తరాల తరబడి వరద మీద వరద పేర్చింది. ఎగువన జలాశయాలు ఆ ఒండ్రును పట్టేస్తుంటే పూడిక ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఏజెన్సీలో ఆదివాసీ భూమికి 1997 సమతా తీర్పు అండగా ఉంది. మైదానంలో దళితుడి సాగుకు అలాంటిది లేదు. పైగా 2020 మార్చి 28న కేంద్రం, రోడ్లు, పైపులైన్ల వంటి పనులకు తీసే మట్టికి అసలు అనుమతే అక్కర్లేదంది. 2024 మార్చి 21న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసేదాకా నాలుగేళ్ళు గడిచాయి.

విద్యార్థి మిత్రులకు ఒక పని. 2006 నోటిఫికేషన్ ప్రకారం అనుమతి పొందినవాడు ఏటా జూన్ 1న, డిసెంబర్ 1న షరతుల అమలు నివేదిక ఇవ్వాలి. అవి ఎవరైనా చూడదగ్గ బహిరంగ పత్రాలు. మీ ఊరి గొయ్యి నివేదిక అడగండి. వేసవిలో నీళ్ళు లేనప్పుడు టేపు పట్టి లోతు కొలవండి. అక్కడ ముందు ఏం పండేదో, ఎవరు పండించారో మీ మామ్మల్ని అడిగి, సర్వే నంబరు పక్కనే రాసుకోండి.