దివిటీల సరస్సు: ఒక విహార సీమ పూర్వకథ

అమెరికాలోని ఉత్తర విస్కాన్సిన్ వేలాది సరస్సుల సీమ. ఏటా మే మొదటి శనివారం అక్కడ గాలం వేట మొదలవుతుంది. షికాగో, మిల్వాకీ నగరాల నుంచి కుటుంబాలు కార్ల వెనక పడవలు కట్టుకుని బయలుదేరతాయి. ఒడ్డున చెక్క కుటీరాలు, రేవులో మోటారు పడవలు, రాత్రి భోజనంలో వేయించిన వాలై చేప. టూరిస్టు కరపత్రాలు ఈ దృశ్యాన్ని ప్రకృతి ప్రసాదంగానే చూపిస్తూ వచ్చాయి. ఆ సరస్సు ఒడ్డు ఎవరిది, విహారానికి అది ఎలా ఖాళీ అయింది అన్న ప్రశ్న వాటిలో కనిపించదు. చరిత్ర రాసేవాడు మొదలుపెట్టవలసింది సరిగ్గా అక్కడే.

ఆ సీమలోని ఒక పేరే జవాబులో సగం చెబుతుంది. 'లాక్ డు ఫ్లాంబో' అంటే ఫ్రెంచి భాషలో దివిటీల సరస్సు. అక్కడి ఒజిబ్వే ప్రజలు రాత్రిపూట పడవ ముందు దివిటీ వెలిగించి, బల్లెంతో చేపలు పొడవడం చూసి ఫ్రెంచి వర్తకులు పెట్టిన పేరది. మంచు కరిగిన వెంటనే వాలై చేపలు గుడ్లు పెట్టడానికి ఒడ్డు దగ్గరి గులకరాళ్ల నీటికి వస్తాయి. వాటి కళ్లు వెలుతురు పడితే మెరుస్తాయి. ఆ మెరుపే వేటగాడికి గురి. చలికాలం నిల్వలు అయిపోయిన జనానికి వసంతంలో దొరికే మొదటి తిండి అది.

1837లో, 1842లో ఒజిబ్వేలు రెండు ఒడంబడికల కింద ఈ భూములను అమెరికా ప్రభుత్వానికి వదులుకున్నారు. ప్రభుత్వానికి మొదటి దాంట్లో కావలసింది పైన్ కలప, రెండో దాంట్లో రాగి. భూమి ఇచ్చారు గాని, ఆ అడవుల్లో వేటాడే హక్కును, ఆ నీళ్లలో చేపలు పట్టే హక్కును అట్టే పెట్టుకున్నారు. సంతకాల తడి ఆరకముందే వాళ్లను పడమటికి వెళ్లగొట్టే ప్రయత్నం మొదలైంది. 1850లో వార్షిక చెల్లింపులను ఉన్న ఊళ్లకు దూరంగా, మిన్నెసోటాలోని శాండీ లేక్‌కు మార్చారు. చలి ముంచుకొచ్చేదాకా డబ్బు, తిండి సరిగా అందలేదు. ఆకలితో, జబ్బుతో అక్కడా తిరుగు దారిలోనూ సుమారు 400 మంది చనిపోయారు. 1852లో తొంభై ఏళ్లు పైబడిన ముఖ్యనాయకుడు బఫెలో బర్చి బెరడు పడవలో బయలుదేరి వాషింగ్టన్ దాకా వెళ్లి, అధ్యక్షుడు ఫిల్మోర్‌ను కలిశాడు. తరలింపు ఉత్తరువు రద్దయింది. 1854 ఒడంబడికతో సొంత సీమలోనే వాళ్లకు రిజర్వేషన్లు ఏర్పడ్డాయి.

తర్వాత కలప కంపెనీలు వచ్చాయి. కొన్ని దశాబ్దాల్లో తెల్ల పైన్ అడవి నేలమట్టమైంది. మిగిలిన మోళ్ల మధ్య సేద్యం చేసుకోమని వలస వచ్చిన బీద రైతులకు ఆ నేల అమ్మారు. ఇసుక నేల, చిన్న పంటకాలం. చాలామంది చితికిపోయారు. చెట్టూ పంటా పోయాక అమ్ముకోవడానికి మిగిలింది సరస్సు ఒక్కటే. కలప కోసం వేసిన రైలు దారుల మీదే నగరాల విహారయాత్రికులు వచ్చారు. రిసార్టులు వెలిశాయి. వాటి యజమానులందరూ శ్రీమంతులు కారు; ఆ నేలలో బతుకు వెతుక్కున్న చిన్న కుటుంబాలూ ఎన్నో ఉన్నాయి. ఈ సంగతి మరిచిపోతే తర్వాతి కథ సరిగా అర్థం కాదు.

1908లో విస్కాన్సిన్ సుప్రీంకోర్టు, 1848లో రాష్ట్రం ఏర్పడటంతోనే ఒడంబడిక హక్కులు రద్దయ్యాయని తీర్పు చెప్పింది. రిజర్వేషన్ దాటి తాతల పద్ధతిలో చేప పడితే నేరం. అదే చేపను నగరం నుంచి వచ్చినవాడు గాలంతో పడితే క్రీడ. అతనికి చేపల చోటు చూపించే కూలి పని మాత్రం ఒజిబ్వే చేయవచ్చు. అతని సాయంత్రపు వినోదానికి నృత్యం చేయవచ్చు. ఒకే మనిషి, ఒకే విద్య. తనకోసం వాడుకుంటే జైలు, ఇతరుల కోసం వాడితే కూలి.

1923లో లాక్ కోర్ట్ ఒరే రిజర్వేషన్ దగ్గర, తెగ వద్దంటున్నా వినకుండా కట్టిన ఒక ఆనకట్ట నిండింది. ఊరు మునిగింది, సమాధులు మునిగాయి, నీటి ధాన్యపు మళ్లు మునిగాయి. ఆ నీటి కిందే చిప్పెవా ఫ్లోయేజ్ అనే పెద్ద జలాశయం పుట్టింది. మస్కీ చేపల వేటకు అది దేశమంతటా పేరుపొందింది. ప్రాజెక్టు కింద ఊళ్లు మునగడం తెలుగు పాఠకుడికి కొత్త కథ కాదు. మునిగిన ఊరి మీదనే మరొకరి విహారం తేలడం గమనించవలసిన సంగతి. యాభై ఏళ్ల లైసెన్సు ముగిసిన 1971లో తెగవారు, అమెరికన్ ఇండియన్ ఉద్యమకారులు కలిసి ఆ ఆనకట్టను ఆక్రమించారు.

1974లో ఆ తెగకు చెందిన ఇద్దరు అన్నదమ్ములు రిజర్వేషన్ గీత దాటి, మంచుకు కన్నం చేసి కావాలనే చేపలు పొడిచి అరెస్టయ్యారు. దావా తొమ్మిదేళ్లు నడిచింది. 1983 జనవరిలో ఫెడరల్ అప్పీలు కోర్టు ఒడంబడిక హక్కులు సజీవంగానే ఉన్నాయని తేల్చింది.

వెంటనే రేవులు రణరంగాలయ్యాయి. 1980ల చివరి వసంతాలలో రాత్రివేళ పడవలు దించే ఒజిబ్వేలపై వందలాది జనం రాళ్లు రువ్వారు, బూతులు తిట్టారు. చేపను కాపాడటానికి ఇండియన్‌ను పొడవమనే నినాదాలు అట్టల మీద రాశారు. చేపలు అంతరించిపోతాయని, టూరిజం కూలుతుందని ప్రచారం సాగింది. వాస్తవం వేరు. తెగలవారు పొడిచిన ప్రతి చేపనూ రేవులోనే లెక్కపెట్టేవారు. ప్రతి సరస్సుకూ కోటా ఉండేది. వాళ్ల వాటా వేలల్లో ఉంటే, గాలం వేటగాళ్ల వాటా లక్షల్లో ఉండేది. 1991లో ఫెడరల్, రాష్ట్ర, తెగల నిపుణులు కలిసి చేసిన పరిశీలన కూడా బల్లెం వేట వల్ల చేపల సంతతికి హాని జరగలేదనే చెప్పింది. కలప ధరలు, దూరపు పెట్టుబడులు, నగరాల డబ్బు ఆడించినట్టు ఆడే బతుకులోని భయం చిన్న రిసార్టు యజమానిది. ఆ భయం నిజమైనదే. దాన్ని పక్కనున్న బీదవాడి మీదికి మళ్లించినవాళ్లు లాభపడ్డారు.

1989లో రాష్ట్ర ప్రభుత్వం లాక్ డు ఫ్లాంబో తెగ ముందు కోట్ల డాలర్ల బేరం పెట్టింది: పదేళ్లపాటు బల్లెం వేట మానుకోవాలి. పేదరికం, నిరుద్యోగం ఉన్న తెగ అది. వోటు పెట్టారు. స్వల్ప ఆధిక్యంతో బేరాన్ని తిరస్కరించారు. ఆ ఆధిక్యం స్వల్పమనే విషయాన్ని దాచనక్కరలేదు. అవునన్నవారి ఇళ్లలోనూ అవసరాలున్నాయి. కాని కాదన్నవారు అమ్మకానికి నిరాకరించింది చేపలను కాదు. 1991లో కోర్టు వేధింపులను నిషేధించింది. అదే ఏడు రాష్ట్రమూ తెగలూ అప్పీళ్లు మానుకోవడంతో దావా ముగిసింది. పోయిన దశాబ్దాలకు మాత్రం నష్టపరిహారం దక్కలేదు.

ఇంకొక్క మాట. అదే సీమలో క్రాండన్ దగ్గర జింకు, రాగి గని తవ్వే పథకం ముందుకొచ్చినప్పుడు, రేవుల్లో ఎదురెదురుగా నిలబడ్డ గాలం వేటగాళ్లు, తెగలవారు ఒక పక్షాన చేరారు. వుల్ఫ్ నది పాడైతే చేప ఎవరికీ మిగలదని ఇద్దరికీ తెలుసు. 2003లో మోల్ లేక్ ఒజిబ్వేలు, ఫారెస్ట్ కౌంటీ పొటవాటొమీలు కలిసి ఆ గని స్థలాన్నే కొనేశారు. గని రాలేదు. కోర్టు తీర్పు రేవులో రాళ్లను ఆపగలిగింది. మనుషుల్ని ఒక ఒడ్డుకు చేర్చింది మాత్రం ఇద్దరికీ ఒకటే నీరన్న ఎరుక. ఈనాటికీ మంచు కరిగిన రాత్రుల్లో ఆ సరస్సుల మీద దీపాలు కదులుతాయి. కొద్ది వారాల తర్వాత సెలవుల పడవలు వస్తాయి. ఈ రెంటికీ చోటు లేనంత చిన్నవి కావు ఆ సరస్సులు.