పోలీస్ యాక్షన్ అయిన రెండేళ్ళకు పోలీస్ టీం

1948 తర్వాత హైదరాబాద్ రియాసత్ ముసల్మానుల ఇళ్ళల్లో 'పోలీస్' అనే లఫ్జ్‌కి వేరే మతలబ్ వచ్చింది. బుజుర్గులు జమానాని దాంతోనే కొలిచేవాళ్ళు. ఫలానా నికా 'యాక్షన్ కే పహలే', ఫలానా బచ్చా పుట్టింది 'యాక్షన్ కే బాద్' అని. సెప్టెంబర్ 13న హిందుస్తాన్ ఫౌజ్ లోపలికొచ్చింది, 17న నిజాం హారు ఒప్పుకున్నాడు. ఐదు రోజుల జంగ్‌కి సర్కారు పెట్టిన పేరు 'పోలీస్ యాక్షన్'. అంతకు ముందు ఖాసిం రజ్వీ రజాకార్లు పల్లెల్లో చేసిన జుల్మ్ చిన్నది కాదు, దాన్ని దాచి తారీఖ్ రాయకూడదు. ఆ తర్వాత ఆ జుల్మ్‌తో ఏ తాల్లుక్ లేని ముసల్మానులు ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో మూల్యం కట్టారు. నెహ్రూ పంపిన పండిత్ సుందర్‌లాల్ కమిటీ, చనిపోయినవాళ్ళు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అందాజా వేసింది. ఆ రిపోర్ట్ దశాబ్దాల పాటు బీరువాల్లోనే ఉంది. షహర్‌లో ఎంతోమంది ముసల్మానుల నౌకరీలు పోయాయి. స్తోమత ఉన్నవాళ్ళు చానామంది కరాచీకి పోయారు. మిగిలినవాళ్ళు నెమ్మదిగా మాట్లాడటం నేర్చుకున్నారు.

అది జరిగిన రెండేళ్ళకు, 1950లో, అదే షహర్ నుంచి ఒక ఫుట్‌బాల్ టీం బొంబాయికి పోయింది. దాని పేరు హైదరాబాద్ సిటీ పోలీస్. నూర్ మొహమ్మద్, అజీజుద్దీన్, జమాల్, మొయిన్, లాయిఖ్, వాళ్ళ పక్కన పాట్రిక్, సూసయ్ లాంటి ఈసాయీ పిల్లలు. వర్దీ ఇచ్చిన డిపార్ట్‌మెంట్ పేరు మోస్తూ వీళ్ళు మైదాన్‌లోకి దిగారు. ఆ సాల్ సీజన్ గురించి మన ఇళ్ళల్లో చెప్పుకోవడం తగ్గిపోయింది. పిల్లలకి మెస్సీ తెలుసు, రొనాల్డో తెలుసు. నూర్ మొహమ్మద్ ఎవరంటే మొహాలు చూసుకుంటారు.

వజ్రకరూరులో కూర్చుని హైదరాబాద్ టీం గురించి రాయడమేందని కొందరు అడగొచ్చు. సవాల్ సహీ. మా ఇలాఖా నిజాం చేతిలోంచి పోయి రెండొందల ఏళ్ళు దాటింది. ఫౌజ్ ఖర్చు కింద 1800లో అంగ్రేజోళ్ళకి ఇచ్చేసిన సీడెడ్ జిల్లాల్లో మాదీ ఒకటి. కాబట్టి మా వైపు ముసల్మానులు ఆఖరి నిజాం షాన్ చూడలేదు, యాక్షన్ ఖౌఫ్ కూడా చూడలేదు. మద్రాసు ప్రెసిడెన్సీ రయ్యత్‌గా, వాన కోసం ఆకాశం చూస్తూ, వాన పడితే చేలల్లో వజ్రాలు వెతుక్కుంటూ బతికారు. హైదరాబాద్ మాకు దూరపు చుట్టం. అయితే కాచిగూడ నుంచి బెంగళూరుకు పోయే పాత మీటర్ గేజ్ రైలుదారి ద్రోణాచలం, గుంతకల్లు మీదుగానే ఉండేది. అంటే బెంగళూరు టోర్నమెంట్లకు పోయే హైదరాబాద్ ఆటగాళ్ళకి మా గుంతకల్లు జంక్షన్ దారిలోనే పడేది. ఇంకో రిష్తా 1956లో కుదిరింది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఈ ఆట మన దేశానికి తెచ్చింది అంగ్రేజ్ ఫౌజే, అందులోనూ స్కాట్లాండ్ పల్టన్లు ముందున్నాయి. 1888లో సిమ్లాలో మొదటి డ్యూరాండ్ కప్ ఫైనల్ ఆడిన రెండు టీములూ స్కాట్లాండ్‌వే. రాయల్ స్కాట్స్ ఫ్యూజిలియర్స్ 2-1తో హైలాండ్ లైట్ ఇన్‌ఫాంట్రీ మీద గెలిచింది. బొంబాయి రోవర్స్ కప్ 1891లో మొదలైంది. అదీ చానా ఏళ్ళు గోరా సిపాయీల జాగీరుగానే ఉంది. సికింద్రాబాద్, తిరుమలగిరి కంటోన్మెంట్లలో ఈ పల్టన్లు ఆడుతుంటే చుట్టుపక్కల పిల్లలు చూసి నేర్చుకున్నారు.

తర్వాత బాల్ తిరిగి దొరల వైపు పోయింది. కలకత్తా మొహమ్మడన్ స్పోర్టింగ్ 1934 నుంచి 1938 దాకా వరసగా ఐదుసార్లు లీగ్ గెలిచింది. ఆ టీంలో ఆడిన మొహమ్మద్ సలీం 1936లో స్కాట్లాండ్ పోయి గ్లాస్గోలో సెల్టిక్ క్లబ్ తలుపు తట్టాడు. స్కాటిష్ అలయన్స్ అనే కింది లీగ్ ఒకటి ఉండేది. పెద్ద క్లబ్బుల రెండో టీములూ, చిన్న ఊళ్ళ క్లబ్బులూ అందులో ఆడేవి. సెల్టిక్ తరఫున సలీం రెండు మ్యాచ్‌లు ఆడాడు, బూట్లు లేకుండా, పాదాలకి పట్టీలు చుట్టుకుని. గాల్‌స్టన్ మీద ఆగస్టు 28న సెల్టిక్ 7-1తో గెలిచింది. జనం పాదాలే చూశారు. కాంట్రాక్ట్ ఇస్తామన్నా సలీం ఉండలేదు, ఇల్లు యాదొచ్చి తిరిగొచ్చేశాడు. ఆయన కథ ఇంకోసారి వివరంగా రాస్తాను. మరుసటి ఏడు, 1937లో, బెంగళూరు ముస్లిమ్స్ టీం రోవర్స్ కప్ ఎత్తింది. 1940లో మొహమ్మడన్ స్పోర్టింగ్ డ్యూరాండ్ కూడా గెలిచింది. అప్పటిదాకా ఏ హిందుస్తానీ టీం దాన్ని ముట్టలేదు.

ఇక రహీం సాబ్. సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదివారు, అక్కడ తాలీమ్ ఉర్దూలో జరిగే జమానా అది. పేషా టీచర్. కాచిగూడ మిడిల్ స్కూల్, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూల్ లాంటి చోట్ల పాఠాలు చెప్పారు, తర్వాత వ్యాయామవిద్యలో డిప్లొమా చేశారు. లోకల్ లీగ్‌లో ఖమర్ క్లబ్‌కి ఆడారు. 1940ల మొదట్లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీ అయ్యి, ఆఖరిదాకా ఆ కుర్సీలోనే ఉన్నారు. 1950లో సిటీ పోలీస్ కోచ్ అయ్యారు.

ఈయనని చానామంది మోటివేషన్ ఉస్తాద్‌గా చూపిస్తారు, రోషం పుట్టించే తఖ్రీర్లు ఇచ్చే మనిషిగా. నా నజర్‌లో ఆయన అసలు హునర్ టీచర్ హునర్. పిల్లల్లో ఏ కమీ ఉందో ముందు కనిపెట్టడం, దానికి తగిన సబఖ్ తయారుచేయడం. మన ఆటగాళ్ళకి బాల్ దొరికితే వదలరు, నలుగురిని తప్పించి తామే గోల్ కొట్టాలనుకుంటారు. ఇది ఆయనకి కనిపించింది. అందుకని డ్రిబ్లింగ్ మనా ఉన్న టోర్నమెంట్లు పెట్టారు, బాల్ వెంటనే పాస్ చేయాలి. ఒక కాలితోనే ఆడే అలవాటు పోవడానికి బలహీనమైన కాలితో మాత్రమే తన్నాల్సిన టోర్నమెంట్లు పెట్టారు. హైదరాబాద్ గల్లీల్లో పెరిగిన పిల్లలు ఇట్లాంటి వింత షరతులతో సాయంత్రాలు ఆడి ఆడి, రెండు కాళ్ళతో, ఒకటి రెండు తాకిళ్ళలో బాల్ వదిలే ఆట నేర్చుకున్నారు. ఇది ఖరీదైన పద్ధతి కాదు. ఒక మైదాన్, ఒక విజిల్, మాట వినే పిల్లలు చాలు.

1950 మామూలు సాల్ కాదు. జనవరి 26న రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ సుల్తాన్‌గా లేడు, రాజప్రముఖ్ అయ్యాడు. ఢిల్లీ నుంచి వచ్చిన ఐసీఎస్ ఆఫీసర్ వెల్లోడి ముఖ్యమంత్రి. ఆ ఏడే బ్రెజిల్‌లో ప్రపంచ కప్ జరిగింది. హిందుస్తాన్‌కి దావత్ వచ్చినా పోలేదు. బూట్లు లేకుండా ఆడనివ్వరని పోలేదంటూ ఒక కథ చానా మషూర్. అంత దూరం సముద్ర సఫర్, ఖర్చు, ఒలింపిక్స్ ముందు ప్రపంచ కప్ ఎంతనే లెక్కా కూడా ఆ ఫైసలా వెనక ఉన్నాయి.

ఆ సీజన్‌లో రహీం సాబ్ టీం బొంబాయి కూపరేజ్ మైదాన్‌లో రోవర్స్ కప్ గెలిచింది. డ్యూరాండ్ కప్ 1940 తర్వాత జంగ్ వల్ల, బటవారా వల్ల ఆగిపోయి, ఆజాదీ తర్వాత మొదటిసారి 1950లో ఢిల్లీలో జరిగింది. ఫైనల్‌లో ఎదురుగా ఉన్నది కలకత్తా మోహన్ బగాన్. 1911లో బూట్లేసుకున్న అంగ్రేజోళ్ళని ఓడించి షీల్డ్ ఎత్తిన క్లబ్ అది, దేశమంతా దానికి ఇజ్జత్. ఆ క్లబ్‌ని ఓడించి హైదరాబాద్ సిటీ పోలీస్ డ్యూరాండ్ తీసుకుంది. ఆజాద్ హిందుస్తాన్ మొదటి డ్యూరాండ్ మీద రాసిన పేరు హైదరాబాద్‌ది.

రెండేళ్ళ ముందు అదే ఢిల్లీ నుంచి ఫౌజ్ బయల్దేరింది. ఒక కానిస్టేబుల్ నౌకరీ ఆ రోజుల్లో ఒక ముసల్మాన్ ఇంటికి ఏమిటో ఆలోచించండి. నెల తిరిగేసరికి తనఖా, ఒంటి మీద వర్దీ, మొహల్లాలో ఎవరూ అనుమానంగా చూడని ఒక పేరు. ఇది గెలిచినవాళ్ళలో ఎవరో చెప్పిన మాట కాదు, నా అందాజా. కానీ వలసపోకుండా ఇక్కడే ఉండిపోయిన ఖాందాన్లకి ఆ కప్పులు రెండూ వట్టి వెండి గిన్నెలుగా కనిపించి ఉండవని నా యకీన్. ఇందులో ఇంకో సంగతి కూడా ఉంది. ఈ టీంని ముసల్మాన్ టీం అనటం తప్పు. సికింద్రాబాద్ ఈసాయీ పిల్లలు లేకుండా అది నిలబడేది కాదు. రహీం సాబ్ మజహబ్ చూసి ఎవరినీ తీసుకున్నట్టు తారీఖ్‌లో ఎక్కడా లేదు. అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం తమిళ ఖాందాన్ పిల్లోడు. ఆయన్ని పెద్ద ఆటగాడిగా మలచింది రహీం సాబే.

ఒక సీజన్ గెలుపు ఇత్తెఫాక్ కావచ్చు. 1951, 52, 53, 54. నాలుగేళ్ళూ మళ్ళీ రోవర్స్ కప్ వీళ్ళదే. వరసగా ఐదు. 1954లో డ్యూరాండ్ కూడా తిరిగొచ్చింది. ఈ మధ్యలోనే రహీం సాబ్ దేశం టీంకి కోచ్ అయ్యి 1951 మార్చిలో ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో ఇరాన్ మీద 1-0తో సోనా తెచ్చారు. 1952 హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యారు. మనవాళ్ళలో కొందరు చలిలో ఉట్టి కాళ్ళతో ఆడారు, ఆ తర్వాతే బూట్లు లాజ్మీ అయ్యాయి. రెండేళ్ళ కింద వచ్చిన 'మైదాన్' సినిమా ఇక్కడి నుంచే షురూ అవుతుంది. అజయ్ దేవగన్ బాగానే చేశాడు. కానీ సినిమా ఎక్కడ మొదలైందో అంతకు రెండేళ్ళ ముందే అసలు కథ మొదలైంది.

1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 156 ఏళ్ళ తర్వాత వజ్రకరూరు, హైదరాబాద్ మళ్ళీ ఒకే హుకూమత్ కిందికి వచ్చాయి. సరిగ్గా నెలకి, డిసెంబర్ 1న, మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో రహీం సాబ్ పిల్లలు ఆస్ట్రేలియాని వాళ్ళ గడ్డ మీదే 4-2తో ఓడించారు. బొంబాయి నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఆ దేశం టీంలో హైదరాబాద్ నుంచి అజీజుద్దీన్, నూర్ మొహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికారుద్దీన్, బలరాం ఉన్నారు. సెమీస్‌లో యుగోస్లావియా మీద మొదటి గోల్ మనదే, అయినా 4-1తో ఓడాం. కాంస్యం మ్యాచ్‌లో బల్గేరియా 3-0. నాలుగో స్థానం. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో హిందుస్తాన్ ఆ మెట్టు మళ్ళీ ఎక్కలేదు. ఆ సీజన్లోనే హైదరాబాద్ సంతోష్ ట్రోఫీ గెలిచింది, మరుసటి ఏడూ గెలిచింది. 1957లో పోలీస్ టీంకి రోవర్స్, డ్యూరాండ్ రెండూ వచ్చాయి. తర్వాత టీం పేరు ఆంధ్రప్రదేశ్ పోలీస్‌గా మారింది. అప్పుడు అది కాగితం మీద మా జిల్లాది కూడా అయ్యింది. 1961 డ్యూరాండ్ ఆ పేరుతో గెలిచిందే.

1962 జకార్తా అందరికీ తెలుసు, ముఖ్తసర్‌గా చెప్తాను. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడి, ఫైనల్‌లో అదే కొరియాని 2-1తో కొట్టారు, సెప్టెంబర్ 4న. స్టేడియం నిండా ఇండోనేషియా జనం మనకి ఖిలాఫ్‌గా అరుస్తున్నారు. పీకే బెనర్జీ ఒకటి, తలకి దెబ్బతో ఆడిన జర్నైల్ సింగ్ ఒకటి. బలరాం, యూసుఫ్ ఖాన్ ఆ టీంలో ఉన్న హైదరాబాదీలు. రహీం సాబ్‌కి అప్పటికే క్యాన్సర్. 1963 జూన్ 11న ఇంతెఖాల్ అయ్యారు. వయసు 53. అల్లాహ్ మగ్‌ఫిరత్ ఫర్మాయె.

ఆ తర్వాత టీం ఒక్కసారిగా పడిపోలేదు. 1965లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. కానీ ఆటగాళ్ళు వెళ్ళిపోవడం మొదలైంది. నిజానికి ఆ దారి బలరాం వేసిందే, రహీం సాబ్ ఉండగానే ఈస్ట్ బెంగాల్‌కి పోయాడు. కలకత్తా క్లబ్బులు పైసలిచ్చాయి, లక్ష జనం మధ్య ఆడే మజా ఇచ్చాయి. సయ్యద్ నయీముద్దీన్ అటే పోయి, 1970 ఏషియన్ గేమ్స్‌లో కాంస్యం తెచ్చిన దేశం టీంకి కెప్టెన్ అయ్యాడు. మొహమ్మద్ హబీబ్, ఆయన తమ్ముడు అక్బర్ అటే పోయారు. హబీబ్‌ని కలకత్తా 'బడే మియా' అని పిలిచింది. 1977 సెప్టెంబర్ 24న ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ మీద మోహన్ బగాన్ కొట్టిన రెండు గోల్స్‌లో ఒకటి ఈ హైదరాబాదీదే. వాళ్ళు పోవడాన్ని నేను తప్పుపట్టను. పోలీస్ తనఖాతో పిల్లల్ని సాకడం ఎంత కష్టమో ఆ ఇళ్ళవాళ్ళకే తెలుసు. నా షికాయత్ వేరే. పోయినవాళ్ళ జాగాలో కొత్తవాళ్ళని తయారుచేసే ఇంకో టీచర్‌కి ఆ షహర్ పనీ, మైదానూ ఇవ్వలేదు. క్రికెట్ వచ్చింది, ఖాళీ జాగాలు ఇళ్ళయ్యాయి. బలరాం 1962లో అర్జున అందుకుని, పద్మ కోసం ఎదురుచూసి 2023 ఫిబ్రవరిలో కలకత్తా దగ్గర కన్నుమూశాడు. హబీబ్ అదే ఏడు ఆగస్టు 15న హైదరాబాద్‌లో పోయాడు.

మా అనంతపురంలో ఇప్పుడు ఫుట్‌బాల్ ఉంది. విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన ఆర్డీటీ సంస్థ కట్టిన స్పోర్ట్స్ విలేజ్‌లో పల్లెల పిల్లలు, ఆడపిల్లలు కూడా, బూట్లేసుకుని ఆడుతున్నారు. స్పెయిన్ లా లిగాతో రిష్తా ఉంది. మంచిదే. హైదరాబాద్‌లో లోకల్ లీగ్‌కి రహీం లీగ్ అని పేరు. ఇక రోవర్స్ కప్, కలకత్తా క్లబ్బులు ఎంత గెలిచినా, ఆ ఐదు వరస గెలుపుల రికార్డ్‌ని ఎవరూ దాటలేదు. ఇకమీదట దాటడానికీ లేదు. 2001 తర్వాత ఆ టోర్నమెంటే ఆగిపోయింది.